మా వీధి గీసినావిడ

మా వదిన, అంటే మా ఆయనకి అక్క, ఊహ తెలిసినప్పటి నుంచీ కుట్టుమిషను ముందే బతికిన మనిషి. కళ్లకి నీటికాసుల జబ్బు వచ్చి, చూపు కొంచెం కొంచెంగా తగ్గి, చివరికి పూర్తిగా పోయింది. అప్పటికే ఆవిడ ఒంటరి. "అక్కని మన దగ్గరికి తెచ్చేసుకుందాం" అని మా ఆయన అన్నప్పుడు సరేనన్నాను గానీ లోపల జంకాను. పసిపిల్లతోనే నాకు ఊపిరి సలపడం లేదు, ఇంకో మనిషిని చెయ్యి పట్టుకుని తిప్పడం నా వల్ల అవుతుందా అని.

తిప్పాల్సిన అవసరమే రాలేదు. ఆవిడ గడప దాటితే కదా! అప్పుడు మేముండే వీధి అలాంటిది. ఫుట్‌పాత్ నాలుగడుగులు ఉండి మాయమైపోయేది. ఉన్నచోట మోటారు సైకిళ్లు, లేనిచోట గోతులు. ప్రతి గేటు ముందూ ఎవరికి తోచినట్టు వాళ్లు సిమెంటు పోసి వాలు కట్టుకున్నారు. ఒక్కసారి బయటికి తీసుకెళ్తే స్తంభానికి భుజం కొట్టుకుని, "బస్తాని లాగినట్టు లాగకు తల్లీ, ఇంటికి పోదాం పద" అంది. అంతే, మళ్లీ కదల్లేదు. కిటికీ పక్కన కూర్చుని, పోయేవాళ్ల చెప్పుల చప్పుడు వింటూ ఉండేది. పలకరిస్తే ముక్తసరిగా జవాబిచ్చేది. ఎంతో మాటకారి అయిన అక్క అలా అయిపోవడం చూసి మా ఆయన కళ్లనీళ్లు కుక్కుకునేవాడు.

తర్వాత ఊరి చివర కొత్తగా వేసిన కాలనీకి మారాం. గాలీ వెలుతురూ ఉన్నాయని మారామే తప్ప, వీధి ఎలా ఉందో నేను కనీసం చూసుకోలేదు.

మారిన కొత్తలో ఒక ఉదయం స్నానం చేసి వచ్చేసరికి వదిన కుర్చీ ఖాళీగా ఉంది. చేతికర్ర కూడా లేదు. పాపని చంకనేసుకుని తడి జుట్టుతోనే వీధిలోకి పరిగెత్తాను. చివరికి ఎక్కడ కనిపించిందంటే, మా వరసకి ఆ కొసనున్న దారాల కొట్లో. కొట్టువాడితో ఘాటుగా వాదిస్తోంది.

"పసుపా, గంధం రంగా? తేల్చి చెప్పు నాయనా. రెంటికీ మధ్యలో ఉందంటే నేను నమ్మను."

"వదినా! ఒక్కదానివే ఎలా వచ్చావు?" అన్నాను ఆయాసపడుతూ.

"నడిచి వచ్చాను. ఎగరడం ఇంకా రాలేదు" అంది. ఆ వెటకారం విని ఎన్నాళ్లయిందో! నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఇంటికి తిరిగి వస్తూ ఆవిడే నాకు మా వీధిని చూపించింది. అక్కడ ఇళ్ల గేట్ల దగ్గర ఫుట్‌పాత్ దిగదు. ఒకే ఎత్తున సాగిపోతుంది. కారే కాస్త పైకెక్కి దాన్ని దాటుకుని లోపలికి పోవాలి. అడ్డవీధి వచ్చేచోట మాత్రం మెల్లగా వాలుతుంది. అక్కడ కాలికింద బొడిపెలున్న పలకలు తగులుతాయి, ఆగమన్నట్టు. స్తంభాలూ చెట్లూ రోడ్డువైపు ఒకే వరసలో ఉన్నాయి. ఇళ్లవైపు దారంతా ఖాళీ. పాపని తోపుడు బండిలో వేసుకుని నేను రోజూ ఆ దారినే వెళ్తున్నాను. బండి ఎక్కడా ఎత్తి దించాల్సి రావడం లేదన్న సంగతి నాకు అప్పుడు తట్టింది.

ఆ రోజు నుంచి వదినని పట్టుకోవడం మా తరం కాలేదు. దారాల కొట్టువాడే కాజాలు కుట్టే పని, గుండీలు వేసే పని ఇప్పించాడు. పొద్దున్నే చొక్కాలు తెచ్చుకోవడం, సాయంత్రం ఇచ్చి రావడం. తోవలో సగం కాలనీతో కబుర్లు. నాకు తెలియని ఇరుగుపొరుగు సంగతులన్నీ ఆవిడే మోసుకొచ్చేది.

ఒక రోజు అన్నాల దగ్గర ఉన్నట్టుండి అంది. "ఈ వీధి దానంతటదే ఇలా పుట్టలేదురా. ఎవరో కూర్చుని ఆలోచించారు. వాళ్లని కలిసి ఒక మాట చెప్పాలి."

"రోడ్డుకి థాంక్స్ చెప్తావా అక్కా?" అని మా ఆయన నవ్వాడు.

"రోడ్డుకి చెవులుంటే దానికే చెప్పేదాన్ని. లేవు కాబట్టి మనిషిని వెతుకుతున్నాను."

ఇక వదిలిపెట్టదని తెలిసి, పాపని మా ఆయనకి అప్పగించి వదినని పట్టణ ప్రణాళిక ఆఫీసుకి తీసుకెళ్లాను. కింద కౌంటరు గుమాస్తా తల ఎత్తకుండానే అడిగాడు.

"దేని మీద ఫిర్యాదు? డ్రైనేజీయా, వీధిలైటా, పక్కింటి గోడా?"

"ఏదీ కాదు బాబూ. మా వీధి బాగుందని చెప్పడానికి వచ్చాం" అంది వదిన.

అతను తల ఎత్తాడు. మమ్మల్ని ఎగాదిగా చూశాడు. "సరే, బాగుంది. ఆ తర్వాత ఏం కావాలి?"

"ఏమీ వద్దు."

అతనికి అనుమానం ఇంకా పెరిగినట్టుంది. పక్కనున్న అతనితో ఏదో గుసగుసలాడి, ఏ కౌంటరుకి పంపాలో తోచక, చివరికి పైఅంతస్తుకి వెళ్లమన్నాడు. కొత్త కాలనీల ప్లాన్లు చూసే ఇంజనీరమ్మ అక్కడుంటారట.

పైన గది తలుపు తీసే ఉంది. బల్ల నిండా పెద్ద ప్లాను పరిచి ఉంది. సన్నగా, అలసిపోయినట్టున్న ఒకావిడ చేత్తో పెన్సిలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎదురుగా బిల్డరు. మా కాలనీ పక్కనే రెండో దశ వేయబోతున్నది ఆయనేనని తర్వాత తెలిసింది. ఓ మూల పెద్దాఫీసరు కూర్చుని వాచీ చూసుకుంటున్నారు.

"మేడమ్, ఇది షాపుల వీధి" అంటున్నాడు బిల్డరు. "ప్రతి షాపు ముందూ ఫుట్‌పాత్ కోసి వాలు పెడితే కార్లు హాయిగా లోపలికొస్తాయి. నడిచేవాళ్లు ఎవరున్నారండీ ఈ రోజుల్లో?"

"పోనీ సడలిస్తే ఏం పోయిందమ్మా?" అన్నారు పెద్దాఫీసరు.

ఇంజనీరమ్మ మమ్మల్ని చూసి, "బయట కూర్చోండి, పిలుస్తాను" అన్నారు.

"ఒక్క మాట చెప్పి వెళ్లిపోతామమ్మా" అంది వదిన గుమ్మంలోంచే. "మా కాలనీ వీధి గీసింది మీరేనా? నాకు చూపు లేదు. మీ వీధిలోకి వచ్చాక నా అంతట నేను నడుస్తున్నాను. పని చేసుకుంటున్నాను. మీరు చల్లగా ఉండాలి. అంతే, ఇదే చెబుదామని వచ్చాను."

ఇంజనీరమ్మ చేతిలో పెన్సిలు కదల్లేదు. ముందుగా తేరుకున్నది బిల్డరే.

"బాగానే ఏర్పాటు చేశారు మేడమ్. సరిగ్గా సమయానికి వీళ్లని రప్పించారు."

"ఒకరు తెప్పించుకోడానికి నేనేమన్నా పార్సిలునా?" అంది వదిన. పెద్దాఫీసరు ఫక్కుమన్నారు. బిల్డరు మొహంలో కూడా కాస్త నవ్వు వచ్చి పోయింది.

"తప్పుగా అనుకోకండమ్మా. కానీ మీలాంటివాళ్లు ఎంతమంది ఉంటారు చెప్పండి" అన్నాడు మెత్తగా.

అప్పుడు నేను నోరు తెరిచాను. పరాయివాళ్ల ముందు గొంతు పెగలని నాకు ఆ ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. "నాకు కళ్లు బాగానే ఉన్నాయండీ. నేనూ ఆ దారిమీదే నడుస్తున్నాను. పాపని బండిలో పెట్టుకుని కూరలు తెచ్చుకుంటాను. మోకాళ్ల నొప్పులున్న పక్కింటి పెద్దాయన సాయంత్రం అటే తిరుగుతాడు. స్కూలు పిల్లలు అటే పోతారు. కారులో వచ్చినా షాపు ముందు దిగాక నడవాల్సిందే కదండీ. మీరొకసారి వచ్చి చూడండి."

బిల్డరు ప్లానువైపు ఒకసారి చూశాడు. "వస్తాను. చూస్తే పోయేదేముంది" అన్నాడు.

మాట వరసకి అన్నాడనుకున్నాను. కానీ ఆ వారంలోనే, ఇంజనీరమ్మతో కలిసి నిజంగానే వచ్చాడు. మెరిసే బూట్లతో వీధి ఆ కొస నుంచి ఈ కొస దాకా నడిచాడు. ఒక ఇంటి ముందు కారు ఫుట్‌పాత్ ఎక్కి లోపలికి పోతుంటే నిలబడి చూశాడు. దాని యజమానిని ఆపి, "కారు అడుగు నేలకి తగులుతోందా?" అని అడిగాడు. "లేదండీ, కాస్త నెమ్మదిగా ఎక్కించాలి, అంతే" అన్నాడాయన. తర్వాత బిల్డరు వంగి, రోడ్డు మీంచి కారు ఎక్కే ఆ చిన్న వాలుని తన టేపుతో తనే కొలుచుకున్నాడు. మా ఇంట్లో మంచినీళ్లు తాగి, వదినకి దణ్ణం పెట్టి వెళ్లాడు. ఆ దణ్ణం ఆవిడకి కనబడదని గుర్తొచ్చి గుమ్మం దగ్గర ఆగి, "వెళ్లొస్తానమ్మా" అని గట్టిగా చెప్పాడు.

కొన్నాళ్లకి ఇంజనీరమ్మ ఫోన్ చేశారు. రెండో దశ ప్లానులో అనుకున్నదంతా కుదరలేదట. ఒక మలుపు దగ్గర వెడల్పు కొంత వదులుకోవాల్సి వచ్చిందట. కానీ ఫుట్‌పాత్ ఎక్కడా తెగదు. పక్కపక్క షాపులకి కలిపి కార్లు వెళ్లడానికి ఒకే దారి పెడతామని బిల్డరే ముందుకొచ్చాడట.

"ఆ రోజు నేను ఒప్పేసుకునేదాన్ని" అన్నారావిడ. "రోజూ వాదించి విసిగిపోయాను. గొయ్యి పడితే అందరూ మా మీదికి వస్తారు. బాగుంటే మేం ఉన్నామనే ఎవరికీ తెలియదు. మీ వదినగారు వచ్చి ఆ మాట అనేసరికి, నేను చేసేది పనికొచ్చే పనేనని మళ్లీ అనిపించింది."

మరుసటి ఆదివారం ఆవిడ మా ఇంటికి భోజనానికి వచ్చారు. వదిన ఆవిడ కోసం ప్లాన్లు చుట్టి పెట్టుకోవడానికి మందపాటి గుడ్డతో పొడుగాటి సంచి కుట్టింది. ఇంజనీరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, భుజానికి తగిలించుకుని, భోంచేస్తున్నంతసేపూ తియ్యనేలేదు.

ఆవిడ బయల్దేరుతుంటే బస్‌స్టాపు దాకా సాగనంపుతానని వదిన లేచింది.

"ఎక్కడైనా ఇబ్బందిగా ఉంటే చెప్పండి" అన్నారు ఇంజనీరమ్మ మెట్లు దిగుతూ.

"మందుల షాపువాడు బోర్డొకటి అడ్డంగా పెట్టాడు. రోజూ దానికి క్షమాపణ చెప్పుకుంటూ పోతున్నాను. రండి, చూపిస్తాను."

ఇద్దరూ నవ్వుకుంటూ గేటు దాటారు. వదిన కర్ర చప్పుడు వీధిలో దూరమైంది. ఆవిడ ఒక్కతే తిరిగి రావాలి. ఇంతకుముందైతే ఆవిడ వచ్చేదాకా గేటు పట్టుకుని నిలబడేదాన్ని. ఆ రోజు పాపకి నిద్ర ముంచుకొస్తోంది. తలుపు దగ్గరగా వేసి, పిల్లని పడుకోబెట్టడానికి లోపలికి వచ్చేశాను.