ఒంటికమ్మ పిల్ల

డయానాకి దెయ్యాలంటే భయం లేదు. ఎందుకుంటుంది, వాటిని పుట్టించేదే తనాయె! పగలంతా బెంజి సర్కిల్ దగ్గర పళ్ళ డాక్టరు గారి క్లినిక్‌లో కూర్చుని "తర్వాత ఎవరండీ?" అని పిలుస్తుంది. మధ్యలో కాస్త ఖాళీ దొరికితే ఫోన్లో ఓ దెయ్యాన్ని రాసేస్తుంది. రెండు పేజీల కథ, మహా అయితే మూడు. చివర్లో ఎవరో ఒకరు వెనక్కి తిరిగి చూడాలి, చదివేవాళ్ళకి పై ప్రాణాలు పైనే పోవాలి. అంతే.

ఆ కథల్ని వేసేది జయంత్. గవర్నర్‌పేటలో ఓ మేడ మీద గదిలో కూర్చుని హారర్ కథల సంకలనాలు అచ్చు వేస్తాడు, వాటినే తన యూట్యూబ్ చానల్లో గొంతు బొంగురు చేసి చదువుతాడు. మనిషి మంచివాడే. కాకపోతే ఆయన దృష్టిలో లోకంలో రెండే రకాల మనుషులు, భయపడినవాళ్ళూ, ఇంకా భయపడాల్సినవాళ్ళూ. డయానా కథలు చాలానే వేశాడు. ఒక్కదానికీ ఉలుకూ పలుకూ లేదు.

"మీ దెయ్యాలకి ఊరూ పేరూ ఉండట్లేదండీ," అన్నాడు ఒకరోజు. "పాడుబడ్డ బంగళా అంటారు. ఎక్కడండీ ఆ బంగళా? జనానికి అడ్రస్ కావాలి. బస్సెక్కి వెళ్ళి చూడగలిగే దెయ్యం కావాలి."

ఆ మాట డయానా బుర్రలో దూరింది. దూరి ఊరుకుందా, గన్నవరం అవతల కాలువ గట్టునున్న ఆమె సొంత ఊరు లూర్దుపాలెం దాకా వెళ్ళి, అక్కడ మెట్లరేవు దగ్గర ఆగింది.

ఆ రేవులోనే కృప పోయింది. డయానా పక్కింటి పిల్ల, పదో తరగతి దాకా ఇద్దరిదీ ఒకే బెంచీ. కాలువ నిండుగా పారే రోజుల్లో దుప్పట్లు ఉతకడానికి వెళ్ళి కాలుజారింది. లాకుల దగ్గర శవం దొరికేసరికి ఒక చెవికి కమ్మ లేదు. ఆ కమ్మ కోసం తల్లి శౌరమ్మ ఎన్నాళ్ళు ఆ నీళ్ళలో దేవిందో ఊరంతా చూసింది. డయానా కూడా చూసింది. చూసిందంతా రాసింది. పేరు మాత్రం 'కరుణ' అని మార్చి, అదేదో పెద్ద మర్యాద చేసినట్టు తృప్తిపడింది! కథలో ఆ పిల్ల తడిబట్టలతో, ఒంటి కమ్మతో, పొద్దువాలే వేళ రేవు మెట్ల మీద వణుకుతూ నిలబడి, వచ్చినవాళ్ళనల్లా "మా అమ్మని పిలవరా?" అని అడుగుతుంది. పిలుద్దామని వెనక్కి తిరిగినవాళ్ళు ఇక ఇల్లు చేరరు.

జయంత్ చదివి కుర్చీలోంచి లేచాడు. "ఇదండీ కథంటే! 'యథార్థ ఘటన' అని పెడదాం. కింద 'రచయిత్రి కళ్ళారా చూసినది' అని ఓ ముక్క. ఏమంటారు?"

ఏమనాలి? వద్దనాలి. "పెట్టండి," అంది డయానా.

కథ దుమ్ము రేపింది. 'ఒంటికమ్మ పిల్ల' అన్న పేరుతోనే సంకలనం వచ్చింది. పన్ను పీకించుకోవడానికి వచ్చిన ఒకావిడ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆ కథే వింటుంటే, డయానాకి ఆ రోజంతా కాళ్ళు నేల మీద నిలవలేదు. ఆవిడ దగ్గరికెళ్ళి "రాసింది నేనేనండీ" అని చెప్పుకుంది కూడా, సిగ్గు లేకపోతే సరి.

అక్టోబరు ఆఖర్లో తల్లి బుల్లెమ్మ ఫోన్ చేసింది.

"ఏమే, శౌరమ్మ కూతుర్ని దెయ్యాన్ని చేసింది నువ్వేనంటగా?"

"కథమ్మా అది. పేరు కూడా మార్చాను."

"మారిస్తే? లూర్దుపాలెం అన్నావు, మెట్లరేవన్నావు, కమ్మన్నావు. మాకా మాత్రం తెలీదనుకున్నావా? బెజవాడ నుంచి కుర్రోళ్ళు బండ్లేసుకొచ్చి రేవుకాడ వీడియోలు తీస్తన్నారు. మన పిల్లలు సమాధుల దొడ్డి వైపు పోవాలంటే జడుసుకుంటన్నారు. రేపు పండక్కి ఆ పిల్లకి కొవ్వొత్తి ఎవరు పెడతారే?"

నవంబరు రెండున సమాధుల పండగ. లూర్దుపాలెంలో సమాధులకి సున్నం వేసి, బంతిపూలు పేర్చి, ఎవరి సమాధి మీద వాళ్ళు కొవ్వొత్తి వెలిగించుకున్నాక, ఇరుగుపొరుగు సమాధులకీ తలొకటి పెట్టడం పద్ధతి. ఎన్ని వెలిగితే అంతమంది ప్రేమగా తలుచుకున్నట్టు. చిన్న వయసులో పోయిందని కృప సమాధికి ఏటా చోటు చాలనన్ని పెట్టేవాళ్ళు. శౌరమ్మకి ఏడాది మొత్తం మీద కడుపు నిండేది ఆ ఒక్క సాయంత్రమే.

జయంత్‌కి డయానా ఫోన్ చేసి కథ తీసేయమంటే, పుస్తకాలు షాపులకి వెళ్ళిపోయాయనీ, చానల్లోంచి తీసేసినా జనం దగ్గర కాపీలున్నాయనీ అన్నాడు. ఇక తనే ఓ వీడియో పెట్టింది. "ఇది కల్పితం. నేనేమీ చూడలేదు. దయచేసి ఎవరూ మా ఊరు రావద్దు." కింద జనం రాసింది చదివి తల పట్టుకుంది. 'పాపం, దెయ్యం బెదిరించినట్టుంది.' 'కళ్ళు చూడండి, ఎంత భయపడుతోందో.' 'వెనక గోడ మీద నీడ గమనించారా?' ఆ నీడ తనుండే హాస్టల్ గదిలో బట్టల స్టాండుది.

పండగ నాడు మధ్యాహ్నం ఊళ్ళో దిగి, తన ఇంటికి కూడా వెళ్ళకుండా శౌరమ్మ గుమ్మంలో నిలబడింది. తిట్టినా పడదాం, చీపురు తిరగేసినా పడదాం అనుకుని వచ్చింది.

"రామ్మా డయానా. నీకోసమే చూస్తన్నా," అంది శౌరమ్మ.

మంచం మీద ఓ తువ్వాలు, మడతపెట్టిన లంగా ఓణీ ఉన్నాయి. వాటిని పక్కకి జరిపి డయానాని కూర్చోబెట్టింది.

"మన వీధి కుర్రోడు యేసుబాబు ఫోన్లో విన్నానమ్మా. మా పిల్లని నువ్వు చూశావంటగా. తడిబట్టల్తో వణుకుతా ఉందంటగా. రోజూ పొద్దువాలే ఏళకి ఈ పొడిబట్టలు పట్టుకుని పోతన్నా, నాకు కనపట్టం లేదు. ఆత్మశాంతికి పూజ చేస్తానన్నారు ఫాదర్ గారు. శాంతి సంగతి తర్వాత, ముందు దానికి తల తుడవాలిగా? ఏ మెట్టు మీద నిలబడిందో చెప్పమ్మా, నీకు పుణ్యముంటది."

చీపురు తిరగేసినా ఎంత బాగుండేది!

"పిన్నీ, నేను చూడలేదు."

"దూరాన్నించన్నా?"

"ఎక్కణ్ణించీ చూడలేదు. అంతా నేనే అల్లి రాశాను."

"మరి నన్ను పిలవమందిగా?"

"అదీ నేనే రాశాను పిన్నీ."

శౌరమ్మ ఆ తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "అయితే అది ఆ నీళ్ళకాడ లేదు. చలికి వణకట్లేదు."

"లేదు."

"నాకోసం అడగనూ లేదు."

శౌరమ్మ సిలువ గుర్తు వేసుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కూతురు చలిలో లేదని ఏడ్చిందో, తనని అడగలేదని ఏడ్చిందో ఎవరు చెప్పగలరు? ఏడుపు తగ్గాక ఒక్కటే మాట అడిగింది.

"ఒక కంచంలో తిన్నారు గదే మీరిద్దరూ. దాన్నెందుకే అట్టా చేశావు?"

జనం చదువుతారని. పేరొస్తుందని. ఆ మాట ఆ ఇంట్లో, ఆ మనిషి ముందు, నోటితో ఎలా అంటుంది?

"సాయంత్రం సమాధులకాడికి రా," అంది శౌరమ్మ కళ్ళు తుడుచుకుని. "ముందుగా నువ్వే పెట్టు. రాసిందానివి నువ్వే పెడితే జనం జంకరు."

పొద్దువాలింది. ఫాదర్ గారు ప్రార్థన చేసి, పవిత్ర జలం చల్లి వెళ్ళారు. సమాధుల దొడ్డంతా వెలుగులే. కృప సమాధి మీద మాత్రం తెల్లటి సున్నం తప్ప ఇంకేమీ లేదు. గోడ అవతల బండ్ల మీద కూర్చున్న కుర్రాళ్ళు ఫోన్లు పైకెత్తారు. "ఆవిడే రా, రచయిత్రి!" అని ఒకడు అరిచేసరికి డయానాకి తల తీసేసినట్టయింది. ఒకప్పుడు ఆ మాట కోసమేగా అంత తపించింది!

సమాధి ముందు మోకరించి కొవ్వొత్తి వెలిగించింది. కాలువ మీద నుంచి గాలి వచ్చింది. ఆరిపోయింది.

"అమ్మో!" అని పిల్లలు పరుగు తీశారు. కొవ్వొత్తి పట్టుకుని ఇటు రాబోయిన ఇద్దరు ఆడవాళ్ళు ఆగిపోయారు. "చూశారుగా ఫ్రెండ్స్, రచయిత్రి చేత్తో పెట్టినా ఒప్పుకోలేదు!" అంటున్నాడు గోడ అవతలి కుర్రాడు ఫోన్లోకి. అదే గాలికి పక్కనున్న సంజీవరావు సమాధి మీద దీపాలూ ఆరాయి. వాటిని ఎవరూ లెక్క చేయలేదు.

"గాలండీ! ఉత్త గాలి!" అని అరిచింది డయానా. భయంతో అరుస్తోందనుకున్నారు.

మళ్ళీ వెలిగించింది. మళ్ళీ ఆరింది. తన తల్లన్నా వచ్చి పక్కన ఒకటి పెడుతుందేమోనని చూసింది. బుల్లెమ్మ ఆ ఫోన్లకేసి చూసి, మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని అటు తిరిగింది.

ఈసారి శౌరమ్మ వచ్చి తనే వెలిగించింది. డయానా చేతులు రెండూ పట్టుకుని దీపానికి అడ్డంగా పెట్టింది.

"ఇట్టాగే కూర్చో, తీయబాక," అని, కొవ్వొత్తుల పొట్లం తీసుకుని లేచింది.

"ఎక్కడికి పిన్నీ?"

"మిగతావాళ్ళకి పెట్టొద్దా? ఆళ్ళేం చేశారు పాపం."

ఒక్కో సమాధి దగ్గరా వంగి, ఒక్కో కొవ్వొత్తి వెలిగించుకుంటూ వెళ్ళింది శౌరమ్మ. ఆమె వస్తుంటే జనం తలలు దించుకుని పక్కకి తప్పుకున్నారు. ఎవరూ ఇటు రాలేదు. మైనం డయానా వేళ్ళ మీద కారి చుర్రుమంటోంది. గోడ అవతల ఫోన్లు ఇంకా అలాగే ఉన్నాయి. చేతులు తీస్తే దీపం ఆరిపోతుంది. ఆరిపోతే, తను రాసిందే నిజమని ఊరంతా నమ్ముతుంది.