మామయ్య బోరు, నా చేతి టీ

ఈ ఇంట్లో మా మామయ్య వంక పెట్టనిది ఒక్కటే, ఆయన దగ్గరుండి వేయించిన బోరు. కూరలో ఉప్పెక్కువ, గడియారం ఆలస్యం, నా నడక చప్పుడు. బోరు నీళ్లు మాత్రం అమృతం. ఎదురింటి డ్రైవరు తాగే మున్సిపాలిటీ పైపు నీళ్లను ఆయన అసలు నీళ్ల కిందే జమ కట్టరు.

మొన్నామధ్య ఒక పొద్దున భూమి కంపించింది. అల్మరాలో గిన్నెలు గలగలలాడాయి, వంటింటి గోడ బీటలిచ్చింది. మామయ్య ముందు నా పాప ఉయ్యాల దగ్గరికి పరుగెత్తారు, ఆ తర్వాత బోరు దగ్గరికి.

"చెక్కు చెదర్లేదు," అని గర్వంగా తిరిగొచ్చారు.

మర్నాడు టీ సిరా కలిపినట్టు నల్లగా దిగింది. మామయ్య టీపొడి మార్పించారు. గిన్నె తోమించారు. అయినా నలుపే. చివరికి తప్పు నా చేతిదే అన్నారు.

"నీళ్లు మారాయేమో మామయ్యా. భూమి కదిలితే లోపల గొట్టం చిట్లొచ్చట. పరీక్షకి ఇద్దాం," అన్నాను.

"నా నీళ్లకి పరీక్షేంటి? మరిగిస్తే సరి," అని ముఖం మాడ్చుకున్నారు.

"ముందు ఈయన్ని ఇద్దాం పరీక్షకి," అంది అత్తయ్య.

నాకు నవ్వు రాలేదు. పాపకు డబ్బాపాలు కలిపేది ఆ నీళ్లతోనే. భయమూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. పాలు కలిపి సీసా ఆయన చేతిలో పెట్టాను.

"నాకు చేతులు రావట్లేదు. మీకు నమ్మకం ఉంటే మీరే పట్టండి."

అన్నానే గానీ, లాక్కోవడానికి పక్కనే నిలబడ్డాను. మామయ్య సీసాను వెలుతురుకు పెట్టి చూశారు. పాప నోరు తెరిచింది. ఆయన చెయ్యి ముందుకు రాలేదు. సీసా నాకిచ్చేసి, బిందె తీసుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా ఎదురింటికి వెళ్లారు.

"ఏంటి బాబాయ్, మా పైపు నీళ్ల మీద మనసైందా?" అన్నాడు డ్రైవరు.

"పాపకిరా," అన్నారు మామయ్య.

డ్రైవరు నవ్వు ఆపేసి, బిందె నింపి తనే మోసుకొచ్చాడు.

ఆ తర్వాత మామయ్య బోరు నీళ్లు పరీక్షకి పంపించారు, అందులో అసలు సంగతి తేలింది. గొట్టం చిట్లి మురుగు దిగుతోంది, నీళ్లలో ఇనుమూ పెరిగింది, టీ నల్లబడింది అందుకే, మరిగించినా తాగడానికి పనికిరావు. మోటారు స్విచ్చి పెట్టెకి మామయ్యే తాళం వేశారు.

ఆ సాయంత్రం డ్రైవరు నీళ్లతో టీ పెట్టాను. ఎర్రగా దిగింది. మామయ్య ఒక గుక్క తాగి గ్లాసులోకి చూస్తూ కూర్చున్నారు.

"ఈసారి ఏం తక్కువైంది?" అంది అత్తయ్య.

"ఏం తక్కువ కాలేదు," అన్నారు ఉయ్యాల ఊపుతూ. "ఇంకో గ్లాసు పొయ్యమ్మా. ఎదురింటి వాడికి నేనే ఇచ్చొస్తా."