సున్నాకి చేతిరాత ఉండదు

పెద్ద డాక్టరు నోట్లో ఒక్క పన్ను కూడా మిగల్లేదని తెలిసిన రోజు మేస్త్రమ్మకి కడుపు నిండిపోయింది. అబద్ధమెందుకు? ఎదుటివాడి కష్టానికి అయ్యో అనాలంటారు పెద్దలు. ఆ మాట అన్నవాళ్ళతో సొంత చెల్లెలు పదకొండేళ్ళు మాట్లాడకుండా ఉండి ఉంటే, అప్పుడు చెప్పమనండి నీతులు. ఆవిడ అయ్యో అనలేదు. ప్లాస్టర్ కలుపుతున్న గరిటె పక్కన పెట్టి, "ఎన్నాళ్ళకి!" అంది, పైకే.

మేస్త్రమ్మ అంటే ఇళ్ళు కట్టే మేస్త్రమ్మ కాదు, పళ్ళు కట్టే మేస్త్రమ్మ. ఇరుకు వీధిలో మెట్లెక్కి పైకి వెళితే రెండు గదులు. కిటికీ పక్కన బల్ల, దాని మీద స్పిరిట్ దీపం, మైనం బిళ్ళలు, చిన్న చిన్న కత్తులు. గోడ పొడుగునా అరల్లో ప్లాస్టర్ దవడలు, ఒక్కోదాని మీద ఒక్కో నంబరు. ఊళ్ళో పళ్ళ డాక్టర్లందరూ క్యాపులకీ కట్టుడు పళ్ళకీ ఆవిడ దగ్గరికే పంపేవారు. ఆవిడ కట్టిన పళ్ళు పెట్టుకున్నవాళ్ళు ఆవిడ పేరు మర్చిపోతారు, పళ్ళు కట్టుడువన్న సంగతీ మర్చిపోతారు. పనితనం అంటే అదీ.

ఆవిడకో పద్ధతి ఉంది. పళ్ళు ముందు మైనంలో గుచ్చి నోట్లో పెట్టి చూస్తారు కదా, గట్టి చేసేముందు. అప్పుడు మిగతా మేస్త్రీలు ఒకటీ రెండూ మూడూ అని అంకెలు లెక్కపెట్టిస్తారు. ఈవిడ అలా కాదు. "అంకెలు అందరూ ఒకేలా చెబుతారు. ఎవరి పొట్ట నింపిన మాట వాళ్ళ నోటికి సులువు, అది చెప్పించాలి" అనేది. బస్సు కండక్టరొస్తే "ముందుకి జరగండి, ముందుకి జరగండి" అని కేకపెట్టించింది. బడి పంతులుగారితో హాజరు పిలిపించింది. ఒక పెద్దావిడ నేనే ఉద్యోగమూ చెయ్యలేదమ్మా అంటే, "అయితే మీ కోడల్ని తిట్టండి" అంది. పావుగంట తిట్టింది ఆ మహాతల్లి, ఒక్క పన్ను కదిలితే ఒట్టు.

ఇక పదకొండేళ్ళ కిందటి మాట. అప్పుడు మేస్త్రమ్మ మేస్త్రమ్మ కాదు, పెద్ద డాక్టరు దగ్గర సహాయకురాలు. చీటీలు రాయడం, పనిముట్లు ఉడకబెట్టడం, రోగి తల పట్టుకోవడం ఆవిడ పని. పెద్ద డాక్టరంటే మామూలు డాక్టరు కాదు, దవడ కోసి లోపల ఇరుక్కున్న పళ్ళు తీసే సర్జను. చేతిలో కత్తి ఉన్నంతసేపు దేవుడు, కత్తి కింద పెడితే ఆ దేవుడికి అన్నయ్య.

చెల్లెలికి ఇరవై మూడేళ్ళు. బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగిందో చెప్పే ఉద్యోగం. ఆ గొంతు వింటే వెళ్ళే పని లేనివాడు కూడా బస్సెక్కేవాడు. ఆ పిల్లకి కింది దవడలో కుడివైపు చివరి పన్ను అడ్డంగా పడుకుని చీము పట్టింది. "మా డాక్టరుగారున్నారు కదే, భయమెందుకు?" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది అక్కే. ఆ కుర్చీలో కూర్చోబెట్టిందీ అక్కే.

పళ్ళ చీటీలో పేర్లుండవు. అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత, నాలుగు గళ్ళు. తియ్యాల్సిన పన్ను ఏ గడిలోదో అక్కడ సున్నా చుడతారు. రోగి మన ఎదురుగా కూర్చున్నట్టు చూడాలి దాన్ని, అంటే చీటీలో ఎడమవైపు గడి రోగికి కుడి. ఇది మొదటి ఏడాది చదువుకునే పిల్లలకి మొదటి రోజు చెప్పే పాఠం. అక్క సరిగ్గానే చుట్టింది. పెద్ద డాక్టరు ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూ చీటీ వైపు ఓరగా చూసి, మత్తులో ఉన్న ఆ పిల్లకి ఎడమవైపు దవడ కోసేశాడు. అక్క ఆ సమయానికి పక్క గదిలో పనిముట్లు తీస్తోంది. వచ్చి చూసేసరికి మంచి పన్ను పళ్ళెంలో ఉంది. అది తీయడంలో నరం తెగింది.

అంత సర్జను మొదటి ఏడాది పిల్లల పొరపాటు చేశాడంటే పరువుంటుందా? ఇంకో చీటీ తీసి, సున్నా పక్క గడిలో చుట్టి, పాతది చింపేశాడు. నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి, "మీ అక్క తప్పు గుర్తు పెట్టిందమ్మా, నేనేం చెయ్యను?" అన్నాడు చెల్లెలితో. చీటీలో అక్షరాలుంటే ఇది నా రాత కాదని చూపించేది అక్క. సున్నాకి చేతిరాత ఏముంటుంది?

చెల్లెలి కింది పెదవి ఎడమ సగం మొద్దుబారిపోయింది. టీ కాలినా తెలియదు, కారినా తెలియదు. ప, బ, మ అనాలంటే రెండు పెదవులూ కలవాలి. కలిశాయో లేదో తెలియని మనిషి మైకులో ఏం మాట్లాడుతుంది? మూడు నెలలకి ఉద్యోగం పోయింది. "నేను కుడే చుట్టానే, నా మాట నమ్మవే" అని అక్క ఎంత మొత్తుకున్నా, "నీ తప్పు ఆ మహానుభావుడి మీదికి నెడతావా?" అని తలుపేసుకుంది. అంతే. అమ్మ పోయిన రోజు కూడా ఇద్దరూ చెరో గోడకి నిలబడి ఏడ్చారు. అక్క ఆ ఆసుపత్రి మానేసి పళ్ళు కట్టే పని నేర్చుకుంది. తర్వాత చెల్లెలు ఇల్లు మారింది, అక్కా మారింది. చెల్లెలి ఫోను నంబరు పిన్ని ఇచ్చింది గానీ, అక్క చేస్తే అవతల ఎత్తేవారు కాదు.

అలాంటి పెద్ద డాక్టరు మేస్త్రమ్మ మెట్లెక్కి వచ్చాడు, కూతురి భుజం పట్టుకుని. ఇప్పుడు ఆసుపత్రి నడుపుతున్నది ఆ కూతురే. మంచి పిల్ల, మేస్త్రమ్మ దగ్గరే పళ్ళన్నీ కట్టిస్తుంది. "మేస్త్రమ్మగారూ, మా నాన్నగారు. ఇంకెవరో కట్టిన సెట్టు మాట్లాడుతుంటే జారి కిందపడి పగిలిపోయింది. వచ్చే వారం నాన్నకి సన్మానం, డాక్టర్లంతా వస్తున్నారు. నలభై నిమిషాలు మాట్లాడాలి. మీరే కాపాడాలి" అంది.

మేస్త్రమ్మ ముఖానికి మాస్కు ఉంది. మాస్కు లేకపోయినా ఆయన గుర్తుపట్టేవాడు కాదు. "తొందరగా కానివ్వమ్మా" అని చిగుళ్ళతో నమిలినట్టు ఓ మాట పడేసి నోరు తెరిచాడు. తన బతుకులో నిప్పులు పోసినవాడు తనని మర్చిపోయాడు! అది చూశాక ఆవిడకి ఒళ్ళు భగ్గుమంది. పగకి కూడా ఓ మర్యాద ఉంటుంది, కనీసం గుర్తుంచుకోవాలి కదా.

అచ్చులు తీసుకుంది. ఆ రోజంతా ఆ దవడల్ని బల్ల మీద పెట్టుకుని కూర్చుంది. ముందుపళ్ళు ఒక్క గీతంత బయటికి జరిపితే చాలు, స అన్న ప్రతిచోటా ఈల. సన్మాన సభలో ఈలలే ఈలలు. ఆ ఆలోచనకి నవ్వొచ్చింది కూడా. కానీ చెడ్డ పళ్ళు పెడితే ఏమవుతుంది? తిట్టుకుంటూ ఇంకో మేస్త్రీ దగ్గరికి పోతాడు, అంతే కదా. అందుకని ముందు రుచి చూపించాలనుకుంది. ఆవిడ చేతిలో ఉన్న పనితనమంతా పోసింది. పళ్ళకి వయసుకి తగ్గ పసుపు ఛాయ, ఒక పన్ను కాస్త వంకర, చిగుళ్ళ దగ్గర సన్నటి నీడ. పదకొండేళ్ళలో అంత మంచి సెట్టు ఆవిడ కట్టలేదు. పగవాడికి కట్టింది.

నాలుగో రోజు మధ్యాహ్నం తండ్రీకూతుళ్ళు వచ్చారు. మైనంలో గుచ్చిన పళ్ళు నోట్లో పెట్టి అద్దం చేతికిచ్చింది. ఆయన ముఖం ఒక్కసారిగా నిండింది, బుగ్గలు పైకి లేచాయి. "ఆహా! నేనే!" అన్నాడు. కూతురికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇప్పుడు మాట చూద్దాం. మీ వృత్తి మాటలే రాసి ఉంచాను, పైకి చదవండి" అని మేస్త్రమ్మ కాగితం ఇచ్చింది.

ఆయన కళ్ళజోడు సవరించుకుని, సభలో నిలబడినట్టే గొంతు సవరించి చదివాడు. "రోగి, ఇరవై మూడేళ్ళ ఆడపిల్ల. కింది దవడ, కుడివైపు చివరి పన్ను. సహాయకురాలు చీటీలో సరిగానే సున్నా చుట్టింది. డాక్టరు ఎడమవైపు పన్ను తీశాడు. తర్వాత చీటీ..." అంతవరకూ మాటలు ముత్యాల్లా వచ్చాయి. అక్కడ ఆగిపోయాయి. దొంగకి తేలు కుట్టినట్టయింది పెద్దమనిషికి.

"బాగా వస్తోంది, చదవండి. తర్వాత చీటీ ఎవరు మార్చారు?" అంటూ మేస్త్రమ్మ మాస్కు తీసింది.

చాలాసేపు చూశాడు. "నువ్వా?" అన్నాడు చివరికి.

"నేనే. ఆ పిల్ల నా చెల్లెలు."

"ఎప్పుడో జరిగిపోయిందమ్మా. పెద్దవాణ్ణి, వదిలెయ్."

"మీరు ఆ రోజే వదిలేశారు. మా చెల్లెల్ని ఆ పెదవి వదల్లేదు, నన్ను ఆ మాట వదల్లేదు. మీ ఫోను ఇవ్వండి. నేను చేస్తే అది ఎత్తదు. దానికి మీరే చెప్పాలి, మీ నోటితో, నా పళ్ళతో."

"చెప్పకపోతే?"

"చిగుళ్ళతో చేయించుకోండి సన్మానం."

కూతురు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "నాన్నా, ఆవిడ చెప్పేది నిజమా?" అంది. ఆయన కూతురి వైపు చూడలేదు, అద్దం వైపు చూశాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అనే రకం మనిషి, జుట్టు అందదని తేలిపోయింది.

"చెబితే పళ్ళు ఎల్లుండికి ఇస్తావా?"

"ఇస్తాను. మాట."

నంబరు నొక్కి, స్పీకర్ పెట్టి, ఫోను ఆయన నోటి దగ్గర పట్టుకుంది మేస్త్రమ్మ. అవతల ఎత్తారు. "ఎవరు?" అంది చెల్లెలు.

పెద్ద డాక్టరు తానెవరో చెప్పాడు. ఓ నిమిషం నసిగాడు. తర్వాత అన్నాడు: "ఆ రోజు మీ అక్క చీటీ సరిగానే పెట్టిందమ్మా. నేనే తిరగేసి చూశాను. చీటీ మార్చింది కూడా నేనే." ఒక్క అక్షరం తడబడలేదు. అంత శుభ్రంగా వచ్చాయి మాటలు.

"మళ్ళీ చెప్పండి" అంది చెల్లెలు. మ సగమే పలికింది. ఆయన మళ్ళీ చెప్పాడు. "ఇంకోసారి." ఇంకోసారి చెప్పాడు. మూడోసారి చెబుతున్నప్పుడు కూతురు బ్యాగు తీసుకుని, తండ్రి కోసం ఆగకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆయన ఆ మెట్ల చప్పుడు వింటూనే వాక్యం పూర్తి చేశాడు.

"పక్కన మా అక్క ఉందా?"

మేస్త్రమ్మ ఫోను తన వైపు తిప్పుకుంది. "ఉన్నానే" అంది.

"ఆయన ఊరికే చెప్పే మనిషి కాదు. ఏమిస్తానన్నావు?"

"పళ్ళు. ఇంకా మైనంలోనే ఉన్నాయి."

"ఇవ్వకు" అంది చెల్లెలు.

పదకొండేళ్ళ తర్వాత చెల్లెలు తనని అడిగిన మొదటి కోరిక. మేస్త్రమ్మ క్షణం కూడా ఆలోచించలేదు. పెద్ద డాక్టరు నోట్లో వేలు పెట్టి పైదీ కిందదీ రెండూ లాగేసింది. బల్ల మీద మైనం మెత్తబరిచే గిన్నెలో నీళ్ళు కాగుతున్నాయి. అందులో వేసేసింది. తన చేతిలోంచి వచ్చినవాటిలోకెల్లా మంచి సెట్టు అది, ఆ సంగతి తెలుసు ఆవిడకి. మైనం కరిగి, పళ్ళు ఒక్కొక్కటే రాలి గిన్నె అడుగున టకటకమన్నాయి.

"మాట ఇచ్చావు కదా!" అన్నాడాయన. కదా అన్నచోట గాలి మాత్రమే వచ్చింది.

"ఇచ్చానండీ. తప్పాను. ఎవరడిగినా మాట తప్పింది నేనేనని చెప్పండి. నేను ఇంకొకరి మీదికి నెట్టను."

ఆయన కుర్చీ చెయ్యి పట్టుకుని లేచాడు. రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, గోడ ఆసరాగా, కూతురు లేని మెట్లు ఒక్కొక్కటే దిగాడు. మేస్త్రమ్మ చూస్తూ నిలబడింది. జాలి వేస్తుందేమోనని కాస్సేపు ఆగి చూసుకుంది కూడా. వెయ్యలేదు.

ఫోను ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది. ఆయనది, అడగడం కూడా మర్చిపోయి వెళ్ళిపోయాడు. అవతల ఊపిరి వినబడుతోంది.

"రాలిపోయాయి, అన్నీ" అంది మేస్త్రమ్మ.

చెల్లెలు ముక్కు చీదింది. "అక్కా, నువ్వు ఇప్పుడు ఉండేది ఎక్కడ? నాకు తెలియదు" అంది.