నాగ్‌పూర్ డాక్టరుకు పంపిన తొక్కు

నాది కట్టుడు పళ్ల పని. ఖమ్మం కమాన్‌బజార్‌లో మా నాన్న పెట్టిన కొట్టే ఇప్పటికీ నడుపుతున్నాను. డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపుతారు, నేను పళ్లు చేసి పంపుతాను. ఇరవై ఆరేళ్లుగా అదే పని. ఏ పళ్ల పలక నోట్లో ఎక్కడ కదులుతుందో అచ్చు చేతికి తీసుకుంటేనే తెలిసిపోతుంది. ఇంగ్లీషు మాత్రం రాదు. లేనిదాన్ని ఉన్నదాంతో మార్చుకోవడమే వ్యాపారం కాబట్టి జైరాంతో ఒక బేరం కుదుర్చుకున్నాను.

జైరాం టేకులపల్లి దగ్గరి తండావాడు. డెంటల్ కాలేజీలో చేరిన ఏడాది, 2005 జనవరిలో, కొట్టు మెట్లెక్కాడు. మైనపు దిమ్మను చెక్కి పన్ను ఆకారం తేవడం వాళ్లకు పరీక్షట. వాడు చెక్కిన దవడ పన్ను చూసి, "ఇది పన్నా, బెల్లం ముక్కా?" అన్నాను.

"బెల్లమైతే తినేటోణ్ని చాచా. జర పాసయ్యేటట్టు చెయ్యి," అన్నాడు.

నవ్వించి బేరం మొదలుపెట్టేవాడితో జాగ్రత్తగా ఉండాలని నాకు తెలుసు. అయినా నవ్వాను.

నెట్ సెంటర్లో కంప్యూటర్ మీద చూసే గ్రూపు ఒకటి ఉందని వాడే చెప్పాడు. ఎక్కడెక్కడి పళ్ల డాక్టరీ విద్యార్థులో, దవడ ఆపరేషన్లు చేసే సర్జన్లో అందులో ప్రశ్నలు రాస్తారట. తెలిసినవాళ్లు జవాబు రాస్తారట. నేను చెక్కడం నేర్పాలి. వాడు ఆ ప్రశ్నలు తెచ్చి, నా జవాబు ఇంగ్లీషులో రాసి, కింద 'మన్సూర్, ఖమ్మం' అని పెట్టాలి. నా పేరు నలుగురు సర్జన్లకు తెలిస్తే పని దానంతటదే వస్తుందని నా లెక్క.

ఏడాదిన్నర పాటు ప్రతి ఆదివారం చీటీ మీద ప్రశ్న తెచ్చాడు. నేను చెప్పాను, వాడు రాసుకున్నాడు. పని రాలేదు గానీ మెచ్చుకోళ్లు వచ్చాయి. నాగ్‌పూర్‌లో ఒక పెద్ద సర్జన్ "మన్సూర్ భాయ్, మీ చేతులు చల్లగుండాలె" అని రాశాడని చదివి వినిపించాడు. ఆ మాట ఇంట్లో చెబితే నా భార్య గులాబ్ బీ పొంగిపోయింది. ఆ మొదటి ఎండాకాలమే మామిడికాయ తొక్కు సీసాకు గుడ్డ కట్టి, కొరియర్ చెయ్యమని జైరాం చేతికిచ్చింది. పది రోజులకు జవాబు తెచ్చాడు.

"కారం జర ఎక్కువైందంట చాచీ. గానీ వేళ్లు నాకుతున్నడంట."

కారం ఎక్కువైందన్న ఆ ముక్కే నన్ను నమ్మించింది. అబద్ధమైతే ఉత్త పొగడ్తే ఉండేది కదా అనుకున్నాను.

మరుసటేడు వానాకాలంలో భద్రాచలం నుంచి డాక్టర్ సంగీత వచ్చింది. సత్తుపల్లి అమ్మాయి, దవడ సర్జన్. గోదావరి అవతలి పల్లెలో పోతయ్య అనే మనిషికి క్యాన్సరని పై దవడ సగం తీసేశారు. మెతుకులు ముక్కులోంచి వస్తున్నాయి, మాట ఎవరికీ అర్థం కావడం లేదు. అంగిలి మూసే పలక కావాలి. దాని మీద ఆ గుంతలో కూర్చునే బుడిపె ఉండాలి. బుడిపె బరువైతే పలక జారిపోతుంది, అందుకని దాన్ని లోపల బోలుగా చెయ్యాలి.

ఆమె సంచిలోంచి ప్రింటు కాగితాలు తీసింది. "పద్ధతంతా ఇందులో ఉందండీ మన్సూర్ గారూ. నేను చదివి చెప్తాను, మీరు అలాగే చేస్తే చాలు. బుడిపెని రెండు చిప్పలుగా చేసి, లోపల..."

"దొడ్డుప్పు నింపాలె. చక్కెర వద్దు, తడి తగిలితే పాకమైతది."

ఆమె తలెత్తి నన్ను చూసి, మళ్లీ కాగితం చూసింది. "అదే రాసుంది. తర్వాత..."

"చిప్పలు కలిపి ఉడకబెట్టినంక సన్న బెజ్జం పెట్టి ఉప్పంతా కడగాలె. ఆ నీళ్లు నాలిక మీదేసుకోని చూడాలె. ఉప్పగ లేకుంటే బెజ్జం మూసుడే."

"నాలిక మీద అన్న మాట కూడా ఉందండీ! మీరూ ఈ గ్రూపులో ఉన్నారా?"

"మీరే చూడుండ్రి మేడం. కింద ఏం పేరుంది?"

"జైరాం. ఇంకా స్టూడెంటే, కానీ ఏం బుర్రండీ!"

అన్నీ చదవమన్నాను. పదకొండు కాగితాలు. నా ఉప్పు, నా మైనం, నా నాలిక, అన్నిటి కిందా జైరాం. థాంక్సులన్నీ జైరాంకే.

"నాగ్‌పూర్ డాక్టర్ ఏమన్న రాసిండా?"

ఆమె మళ్లీ మొదటినుంచీ తిరగేసింది. "గ్రూపులో నాగ్‌పూర్ వాళ్లెవరూ లేరండీ."

తూకంలో మోసం చూశాను. మూత మార్చి అంటగట్టిన నాసిరకం పొడి డబ్బాలు చూశాను. రాని మెచ్చుకోలును వచ్చినట్టు చేతిలో పెట్టడం మాత్రం అదే మొదలు. పేరు కాజేయడం దొంగతనం, అది నాకు అర్థమవుతుంది. నాగ్‌పూర్‌లో ఒక మనిషిని పుట్టించింది దేనికి? ఆదివారానికి ఆదివారం నేను కొట్లో స్టూలు మీద కూర్చుని వాడికి నేర్పడానికి. నేను దేనికి పడతానో వాడు ముందే చూసుకున్నాడు.

నాలుగు రోజుల్లో పోతయ్య పలక చేసి పంపాను. నీళ్లు తాగితే ముక్కులోంచి రాలేదని, తన పేరు తనే చెప్పాడని సంగీత ఫోన్ చేసింది.

ఆదివారం జైరాం వచ్చాడు. "చాచా, ఈసారి గట్టి ప్రశ్న. హైదరాబాద్ల స్టూడెంట్ల మీటింగ్, నన్ను మాట్లాడమన్నరు. కింది దవడ సగం లేనోనికి కొరుకు ఎట్ల కుదురుస్తవ్?"

సంగీత వదిలి వెళ్లిన కాగితాలు బల్ల మీద పెట్టాను. చూశాడు. నవ్వు పోయి, మళ్లీ సగం వచ్చింది.

"పళ్లు చేసే మెకానిక్ పేరు పెడితే గ్రూపుల ఉండనియ్యరు చాచా. డాక్టర్లు, స్టూడెంట్లు, అంతే. రూలు అది."

"ఆ ముచ్చట మొదటి రోజే చెప్తే ఏమైతుండె?"

"నువ్వు నేర్పకపోదువు."

నిజమే, నేర్పేవాణ్ని కాను. వాడి లెక్కలో తప్పు లేదు.

"మరి నాగ్‌పూరాయన ఏంది?"

"నువ్వు ఖుషీ అయితవని."

"ఖుషీ అడిగిన్నా నిన్ను? పేరు అడిగిన."

తల వంచుకున్నాడు గానీ చీటీ మడవలేదు. "ఈ ఒక్కటి చెప్పు చాచా. స్టేజీ మీద నీ పేరు చెప్త, ఒట్టు."

తప్పు జవాబు చెప్పొచ్చు. ఆ లెక్క కూడా వేశాను. నలుగురిలో వాడు నవ్వులపాలవుతాడు. కానీ విన్నవాళ్లలో ఒక్కడు అలాగే చేసినా, ఇంకో పోతయ్య నోరు పాడవుతుంది.

"గ్రూపుల అడుగు," అన్నాను. "అందరు నీ దోస్తులే గద."

చీటీ మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఇంటికెళ్లి గులాబ్ బీకి ఉన్నదున్నట్టు చెప్పాను. బియ్యం చెరుగుతూ పేరు సంగతి, మీటింగు సంగతి అన్నీ వింది.

"నాగ్‌పూరాయన?"

"లేడు. అసలు పుట్టనే లేదు."

చాట కింద పెట్టింది. "మరి కారం ఎక్కువైందన్నదెవరు?"

"జైరాం."

"అంటే వాడే తిన్నడు."

"అవ్."

ఆమె అలమర వైపు చూసింది. పై అరలో మూతికి గుడ్డ కట్టిన సీసా ఉంది, ఈ ఏటిది.

"కారం తగ్గించి పెట్టిన," అంది. "ఆయన కోసం."