చెవితో ఇచ్చిన అవుట్

మా ఆయన ఇసోకిచి రెండేళ్లపాటు ఒంటి కన్నుతోనే బేస్‌బాల్ అంపైరుగా చేశారు. ఎడమ కంటి మీద పాలమీగడలా పొర కమ్మేసింది. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. తెలిసి నోరు మూసుకున్నానంతేనా అంటే అదీ కాదు, పక్కనుండి మరీ నడిపించాను. ముప్ఫై అయిదేళ్ల కిందటి మాట ఇది. ఆయన పోయి పదకొండేళ్లయింది, ఇప్పుడు చెప్పినా ఆయన పరువుకొచ్చే లోటు లేదు. నా పరువంటారా, తొంభై ఏళ్ల వయసులో దాన్ని దాచుకుని ఏం చేసుకోను?

మా హమనో ఊరు పైనంతా నారింజ తోటలు, కిందంతా రేవు. రేవు పక్కన మా చేపవడల కొట్టు. చేపని ముళ్లతో సహా రుబ్బి, అరచేతితో తట్టి, నూనెలో వేయించేవాళ్లం. ఆయన తెల్లవారుజామున నాలుగింటికి లేచి రుబ్బడం మొదలుపెడితే ఎనిమిదికల్లా పళ్లేలు నిండిపోవాలి. అది అయ్యాక ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కుని, టోపీ పెట్టుకుని, నేను కట్టిచ్చిన అన్నం డబ్బా పట్టుకుని ఆటకి వెళ్లేవారు. హైస్కూలు ఆటలకి అంపైర్లెవరికీ జీతం లేదు. బస్సు టిక్కెట్టు కూడా మనదే. "ఇవాళ అంపైరు గారి దగ్గర వడల వాసన తగ్గింది, నూనె మార్చినట్టున్నారు" అని పిల్లలు గుసగుసలాడుకుంటే ఆయన వినిపించనట్టు నిలబడి, ఇంటికొచ్చి నాతో చెప్పి నవ్వేవారు.

తాను చదివిన బడి ఆడే ఆటకి అంపైరు నిలబడకూడదని ఒక కట్టుబాటు. మా ఆయన ఏ హైస్కూల్లోనూ చదవలేదు గనక ఆయనకి అన్ని బడులూ ఒకటే. ఇరవై ఏడేళ్లు అలా నిలబడ్డారు, ఎక్కువగా మొదటి బేసు దగ్గరే.

ఆ మొదటి బేసు పనిలో ఒక కిటుకుంది. అక్కడ అంపైరుకి కన్నెంత ముఖ్యమో చెవీ అంతే ముఖ్యం. కొట్టినవాడు పరిగెత్తుకొస్తుంటాడు, అవతల్నించి బంతి వస్తుంటుంది. రెంటినీ ఒకేసారి చూడటం ఎవడి తరమూ కాదు. అందుకని కన్ను పాదం మీద, చెవి బంతి మీద పెట్టాలి. పాదం బేసు మీద పడటం ముందా, బేసు కాచేవాడి చేతి తోలు తొడుగులో బంతి పడ్డ చప్పుడు ముందా? పాదం ముందైతే సేఫ్, చప్పుడు ముందైతే అవుట్. కన్ను మసకబారేకొద్దీ ఆయన పాదాన్ని కూడా చెవితోనే పట్టడం మొదలుపెట్టారు. దానికి సాధన కావద్దూ? సాయంత్రాలు పెరట్లో ఒక చెక్క వేసి, ఆయన్ని అటు తిప్పి నిలబెట్టి, నేను ఒక కాలితో చెక్కని తొక్కుతూ చేత్తో తోలు తొడుగుని చరిచేదాన్ని. ఏది ముందో ఆయన చెప్పాలి. వందకి తొంభై ఎనిమిది సరిగ్గా చెప్పేవారు.

పక్కింటి ఓరిన్ కంచె మీంచి తొంగిచూసి, "ఏం కినుయో, ఈ వయసులో మొగుడికి డాన్సు నేర్పుతున్నావా?" అనేది.

"బొద్దింకల్ని తొక్కుతున్నానే తల్లీ. మీ ఇంట్లోంచే వస్తున్నాయి, కాస్త చూసుకో" అనేదాన్ని.

లోపలికొచ్చాక మాత్రం అడిగేదాన్ని. "ఏమండీ, పెద్దాసుపత్రిలో చూపించుకుందామా?"

"చూపిస్తే కాగితం రాస్తారు. కాగితం అంపైర్ల సంఘానికి చేరితే టోపీ పోతుంది. ఈ ఒక్క వేసవీ కానీవే."

ఆ ఒక్క వేసవీ అంటూ రెండు వేసవులు దాటించారు.

మూడో వేసవి, జూలై నెల. మా దగ్గర ఆ నెలలో జిల్లాలోని హైస్కూళ్లన్నీ పోటీకి దిగుతాయి. ఒక్కసారి ఓడితే ఇంటికే. ఆఖరి తరగతి పిల్లలకైతే ఆ ఓటమితోనే ఆట సరి, మర్నాటి నుంచి కింది తరగతుల వాళ్లది కొత్త జట్టు. అందుకే ఆ నెలలో ఊళ్లో ఎవరూ గట్టిగా తుమ్మను కూడా తుమ్మరు.

ఆ రోజు మా హమనో బడికీ, కొండ మీది ఇవాతని ఊరి బడికీ ఆట. గెలిస్తే సెమీఫైనలు. ఆయన మొదటి బేసు దగ్గరున్నారు. నేను మూడో బేసు వైపు నాలుగో వరసలో, తల మీద తడిగుడ్డ వేసుకుని కూర్చున్నాను. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆరో ఇన్నింగ్స్‌లో క్యాచర్ వెనక నిలబడే పెద్ద అంపైరు ఉన్నపళాన మోకాళ్ల మీద కూలిపోయాడు. వడదెబ్బ. అతన్ని స్ట్రెచర్ మీద మోసుకెళ్లారు. మిగిలినవాళ్లలో వయసులో పెద్ద మా ఆయనే. మాస్కు తెచ్చి ఆయన చేతిలో పెట్టారు.

జిల్లా స్టేడియంలో ఆ స్థానంలో నిలబడాలని ఆయన ఇరవై ఏడేళ్లు ఎదురుచూశారు. మాస్కు పట్టుకుని జనం వైపు తిరిగారు. అంత జనంలో ఆయనకి నేను కనబడలేదు, అంత దూరానికి ఆ ఒక్క కన్ను ఆనదు. కానీ నేనెక్కడ కూర్చుంటానో ఆయనకి తెలుసు. ఆయన నా వైపు తిరగగానే నేను తల ఊపాను. అడ్డంగా కాదు, నిలువుగా. ఊపినట్టు ఆయనకి తెలిసిందో లేదో, మాస్కు తొడుక్కున్నారు.

మూడు ఇన్నింగ్స్ బాగానే గడిచాయి. ఎదురుగా వచ్చే బంతికి కుడి కన్ను చాలింది. ఆఖరి ఇన్నింగ్స్. మావాళ్లు మూడుకి రెండు పరుగులతో వెనకబడ్డారు, ఇంకొక్క అవుటుతో ఆట సరి. రెండో బేసు మీద షింపే అనే పిల్లాడున్నాడు, ఓడల మరమ్మతు పని చేసే నిషివాకి గారి చిన్నవాడు. తర్వాతివాడు కొట్టిన బంతి చాలా దూరం పోయింది. షింపే మూడో బేసు తిరిగి, టోపీ ఎగిరిపోతున్నా చూసుకోకుండా, క్యాచర్ ముందుండే ఇంటి పలక వైపు పరిగెత్తుకొచ్చి తలవంచి దూకాడు. ఆ పలక ముట్టుకుంటే మూడుకి మూడు, ఆట ఇంకా ఉంటుంది. ఈలోగా క్యాచర్ బంతి ఉన్న తొడుగుని వాడి ఒంటికి తగిలిస్తే అవుట్.

మూడో బేసు నుంచి వచ్చేవాడు క్యాచర్ వెనకున్న అంపైరుకి ఎడమ చేతి వైపు నుంచి వస్తాడు.

క్యాచర్ బంతి అందుకున్నాడు, ఠప్పుమంది. చెయ్యి ఎడమకి విసురుగా తిప్పాడు, ధప్పుమంది. ఆ రెండో చప్పుడు తొడుగు నేలకి తగిలిన చప్పుడు. షింపే భుజానికీ ఆ తొడుగుకీ మధ్య జానెడు ఖాళీ నేను చూశాను. వాడి వేళ్లు అప్పటికే పలక మీద ఉన్నాయి. మా ఆయన పిడికిలి పైకి లేచింది.

"అవుట్!"

మా దగ్గర కోచ్ మైదానంలోకి అడుగుపెట్టి అడగకూడదు. జట్టు నాయకుడే రావాలి. ఆ పిల్లాడు టోపీ చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"సార్, తొడుగు తగిలిందో లేదో కనుక్కోమన్నారు సార్!"

"తగిలింది. అవుట్."

"ధన్యవాదాలు సార్!" అని అరిచి, వంగి దండం పెట్టి వెళ్లాడు. రెండు జట్లూ వరసగా నిలబడి తలలు వంచాయి. ఆట అయిపోయినట్టు సైరన్ మోగింది. షింపే లేచి నిలబడ్డానికి ఇద్దరు పట్టుకోవలసి వచ్చింది.

మా ఆయన ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ, నా వైపు చూడకుండా అడిగారు.

"ఏమే, తగిలిందా?"

"మీరేమన్నారో అదే" అన్నాను.

ఆ రెండు మాటలే అన్నాను. ఆయన కాళ్లు మళ్లీ మొదట్నించీ కడుక్కున్నారు.

మర్నాడు బజారుకెళ్తే చేపలమ్మే ఒతాత్సు, "మీ ఆయన చెయ్యి లేవగానే మా ఆయన టీవీ మీదకి చెప్పు విసిరాడే. టీవీకేం కాలేదు, కిటికీలోంచి చెప్పే పోయింది" అని పకపకా నవ్వింది. నవ్వాపి నా సంచిలో రెండు చేపలు ఎక్కువ వేసింది. "పోనీలే కినుయో. అంత ఎండలో, ఆ వయసులో... ఎవరైనా పొరబడతారు" అంది. తిట్టినా బాగుండేది. ఆ రెండు చేపలూ ఇంట్లో ఎవరికీ గొంతు దిగలేదు.

నాలుగో రోజు సాయంత్రం హమనో బడి కోచ్ మిజొబుచి గారు పుచ్చకాయ పట్టుకుని వచ్చారు. నలభై ఏళ్ల మనిషి, ఎండకి కాలి నల్లబడ్డారు. ఆటలో జరిగిన దాని ఊసే ఎత్తలేదు.

"కొత్త జట్టు మొదలైంది ఇసోకిచి గారూ. ఆదివారం వాళ్లలో వాళ్లకే ఆట పెడుతున్నాను. ఎప్పటిలాగే మీరొచ్చి క్యాచర్ వెనక నిలబడాలి. పిల్లలకి అసలైన అంపైరు చెబితేనే బంతి విలువ తెలుస్తుంది."

"వస్తాను" అన్నారు మా ఆయన.

నేను పుచ్చకాయ కోస్తున్నాను. కత్తి కింద పెట్టేశాను.

"ఆయన రారు. ఎడమ కన్ను కనబడదు. రెండేళ్లయింది" అన్నాను.

మా ఆయన నన్ను ఆపలేదు, కసరలేదు, చాప మీద గీతలు లెక్కపెట్టుకుంటున్నట్టు కిందకి చూస్తున్నారు.

"మా షింపే..." అన్నారు కోచ్ గారు. "ఆ రోజు మీరు చూళ్లేదా?"

"విన్నాను" అన్నారు మా ఆయన. "చూళ్లేదు."

కోచ్ గారు గుమ్మం వైపు ఒకసారి చూశారు. తర్వాత గొంతు తగ్గించి, "పిల్లలకి మాత్రం చెప్పకండి. అంపైరు పొరబడ్డాడంటే పదేళ్ల తర్వాత తాగుతూ తిట్టుకుని నవ్వుకుంటారు. అసలు చూడనేలేదంటే వాళ్లకి ఏం మిగుల్తుంది?" అన్నారు.

"వాడికి చెప్పాలి" అన్నారు మా ఆయన.

"మీ మనసు తేలికవడానికా?"

కోచ్ గారు పుచ్చకాయ ముట్టకుండానే వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున్నే ఆయన వడలు రుబ్బలేదు. చొక్కా తొడుక్కున్నారు, టోపీ పెట్టుకోలేదు. నేనూ వెంట నడిచాను. బడి మైదానంలో షింపే ఒక్కడే, కింది తరగతుల వాళ్ల కోసం బేసుల దగ్గర మట్టి చదును చేస్తున్నాడు. మమ్మల్ని చూసి పార పక్కన పెట్టి, టోపీ తీసి వంగాడు.

మా ఆయన చెప్పారు. ఒక్క మాట దాచలేదు. కన్ను సంగతి, చప్పుడు సంగతి, పెరట్లో చెక్క సంగతి కూడా. ఆఖర్న నడుం వంచి తల దించారు. జనం ముందు పిల్లలు ఆయనకి అలా వంగడం చూశాను గానీ ఆయన ఒక పిల్లాడి ముందు అలా వంగడం అదే మొదటిసారి చూడటం.

షింపే మొహంలోకి కోపం రాలేదు. లోపలేదో లెక్క వేసుకుంటున్నాడు.

"రెండేళ్లా సార్?"

"రెండేళ్లు."

"అయితే పోయినేడాది మొదటి బేసు దగ్గర మా అన్నయ్య కత్సుమిని అవుటన్నారు. ఆఖరి ఆట. అదీ చూళ్లేదా?"

కత్సుమి జీతమిచ్చి ఆడించే కంపెనీ జట్టులో చేరాలని కలలుగన్నవాడు. ఆ ఓటమి తర్వాత తండ్రితో పాటు ఓడలకి రంగు వేసే పనిలో పడి, మళ్లీ బ్యాటు ముట్టలేదు. ఆ రోజు తాను అవుట్ కాలేదనీ, కాలు ముందే పడిందనీ తాగినప్పుడల్లా అంటాడని రేవులో అందరికీ తెలుసు.

మా ఆయన నా వైపు తిరిగారు. షింపే కూడా తిరిగాడు.

నాకు బాగా గుర్తుంది. నాకు గుర్తులేని ఆటే లేదు. అంతకు ముందేడాది జూలై పదిహేడు, మబ్బు పట్టిన రోజు. కత్సుమి ఎడమ బూటు తాడు ఊడింది, ఆఖరి అడుగు కురచ పడింది. బంతి ముందు పడింది, కాలు తర్వాత. అరడుగు తేడా. కళ్లున్న ఏ అంపైరైనా అదే చెప్పేవాడు.

"అది అవుటే బాబూ" అన్నాను. "నిజంగా అవుటే. నేను చూశాను. మీ అన్న బూటు తాడు ఊడింది, అడుగు తగ్గింది."

"అవును లెండి పెద్దమ్మా" అన్నాడు షింపే, ఎంతో మర్యాదగా. "మీరు అలాగే అంటారు."

"బాబూ, నేను అబద్ధం..."

"ఇంట్లో అడుగుతాను" అన్నాడు. "వాడి బూటు గురించి." టోపీ పెట్టుకుని మళ్లీ వంగాడు, "ధన్యవాదాలు సార్!" అన్నాడు అలవాటు కొద్దీ, పార తీసుకుని రెండో బేసు వైపు వెళ్లిపోయాడు.

మేం నారింజ తోటల పక్కగా దిగివస్తున్నాం. సగం దూరం వచ్చాక ఆయన అడిగారు.

"ఏమే, కత్సుమిది నిజంగా అవుటేనా?"

"అవుటేనండీ."

ఇంకాస్త దూరం నడిచాం. రేవు కనబడే మలుపు దగ్గర మళ్లీ అడిగారు.

"ఒట్టు?"

"మన పిల్లల మీద ఒట్టు. అవుటే."

ఆయన ఆగి, మొహం నా వైపు పూర్తిగా తిప్పి, కుడి కంటితో చాలాసేపు చూశారు. నా మొహంలో పాదం ముందా, బంతి ముందా అని వెతుకుతున్నట్టే ఉంది.

"నేను కాళ్లు కడుక్కుంటూ అడిగిన రోజున కూడా ఇదే గొంతుతో చెప్పావే" అన్నారు.

అని, నాకంటే నాలుగడుగులు ముందు నడుచుకుంటూ కిందికి దిగారు.