తలుపు తట్టే మనిషి

వెర్నా కంప్యూటర్ తెర మీద గీత సరిచేస్తోంది. నేలా ఆకాశం కలిసే గీత అది. భర్త ఎల్‌రాయ్ తీసిన ఏ ఫోటోలోనైనా అది కాస్త కుడివైపుకి ఒరిగే ఉంటుంది. ఫోటో కోసం నేల మీద బోర్లా పడుకున్నప్పుడు అతని కుడి మోచేయి ఎడమదానికంటే లోతుగా దిగబడుతుంది. పెళ్ళయిన కొత్తలో ఆ మాట అంటే అతను మూతి ముడుచుకుని రెండు రోజులు మాట్లాడలేదు. అప్పటినుంచి వెర్నా అనడం మానేసి, తనే సరిచేసుకుంటూ వస్తోంది. మొదట్లో ఇంటి నేలమాళిగలో ఎర్ర బల్బు కింద ఫోటోలు కడుగుతూ చేసేది, ఇప్పుడు వంటింటి బల్ల మీద చేస్తోంది.

ఎల్‌రాయ్ వెనకాల చేతికర్ర మీద బరువు మోపి నిలబడి, వెన్న రాసిన రొట్టె నములుతున్నాడు. పొడి ఆమె భుజం మీద రాలుతోంది.

“ఆకాశం ఇంకా నల్లగా లాగు,” అన్నాడు.

“ఆ రోజు అంత నల్లగా లేదు.”

“ఆ రోజు నువ్వెక్కడున్నావ్? బండిలో కూర్చున్నావ్. నేల మీంచి చూస్తే తారులా ఉందక్కడ.”

వెర్నా లాగింది. అతను ఇంకో రొట్టె కోసం అటు తిరగ్గానే సగానికి వెనక్కి జరిపేసింది. ఎల్‌రాయ్ తిరిగొచ్చి, కళ్ళు చికిలించి చూసి, “అదీ! చెప్తే వినాలి,” అన్నాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా పట్టుకోలేకపోయాడు మహానుభావుడు.

అయినా ఆ ఫోటోకి ఎంత పూత పూసినా లాభం లేదని ఇద్దరికీ తెలుసు. నిరుడు పక్కన పడేసిన వాటిలో ఒకటి అది. బైసన్, అంటే పెద్ద మూపురమున్న అడవిదున్న, తల తిప్పేసుకుని ఉంది, మబ్బు మరీ పలచగా ఉంది. రైతుల సహకార సంఘం ఏటా క్రిస్మస్‌కి పంచిపెట్టే క్యాలెండరు అట్ట మీద ఎప్పుడూ ఎల్‌రాయ్ తీసిన బైసనే ఉంటుంది. చుట్టుపక్కల బ్యాంకులోనూ, మంగలి షాపులోనూ, పాలు పితికే కొట్టాల్లోనూ అదే వేలాడుతుంది. అతను ఉద్యోగం చేసినంతకాలం బతికింది కౌంటీ మట్టిరోడ్లు చదును చేసే యంత్రం నడిపి. అయితే ఊళ్ళో అందరికీ అతను ఆ అట్ట మీది పేరుగానే తెలుసు. వెర్నాని మటుకు బడిలో పిల్లలకి అన్నం వడ్డించిన మనిషిగా తెలుసు.

ఈ వసంతంలో అతని తుంటి ఎముక మార్చారు. వంగకూడదు, నేల మీద కూర్చోకూడదు, బోర్లా పడుకోవడమైతే అసలు కలలో కూడా కూడదు అన్నాడు డాక్టరు. వేసవి సగం గడిచిపోయింది. ఒక్క ఫోటో లేదు. నిన్న సంఘం నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి, ఈ వారంలో రాకపోతే పట్నం నుంచి ఎవరిదో తెప్పించుకుంటామని ఎంతో మర్యాదగా చెప్పింది. ఆ మర్యాదకే ఎల్‌రాయ్‌కి రాత్రి అన్నం సహించలేదు.

“బండి కిటికీలోంచి తీస్తా,” అన్నాడు ఇప్పుడు, కిటికీలోంచి పడమటి వైపు చూస్తూ. అక్కడ పొద్దున్నే మబ్బు పొంగడం మొదలయింది.

“కిటికీలోంచి తీస్తే దున్న గడ్డిలో కూరుకుపోతుంది. మూపురం ఆకాశంలోకి లేవాలంటే గడ్డం మట్టికి ఆనాలి అని నా ప్రాణం తీసింది నువ్వేగా.”

“అయితే ఏం చెయ్యమంటావ్?”

“నేను పడుకుంటా.”

“నువ్వా?”

“నా తుంటి నాతో పుట్టిందే. ఇంకా మార్చలేదు.”

ఎల్‌రాయ్ నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, చేతికర్ర మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. అతను కాదంటాడేమోనని ఆమె ఎంత భయపడుతోందో, ఆ క్షణం దాకా వెర్నాకే తెలియదు. ఇన్నేళ్ళూ ఆ కెమెరా మీట తను ఒక్కసారైనా నొక్కలేదు. ఒక్కసారి నొక్కి, తీసింది అతనికి చూపించి, బాగుందనిపించుకోవాలని ఎప్పటినుంచో ఉంది. ఎల్‌రాయ్ నోట్లోంచి ఆ మాట రావడం రాతిలోంచి నార తీసినంత పని.

“తలుపు నేను తడతానన్నమాట,” అన్నాడు చివరికి, లేచి టోపీ పెట్టుకుంటూ.

తలుపు తట్టడం ఇప్పటిదాకా వెర్నా పని. వైడ్ లెన్సుతో వచ్చే చిక్కు అదే. ఆకాశమంతా పట్టేలా చూపిస్తుంది కాబట్టి, అందులో కన్ను పెట్టినవాడికి ఎదురుగా ఉన్న ప్రతిదీ దూరంగా కనిపిస్తుంది. పశువు వాకిట్లోకి వచ్చేసినా, ఇంకా పొలం గట్టునే ఉందనిపిస్తుంది. బొమ్మ కుదిరేకొద్దీ ఆ భ్రమ పెరుగుతుంది. ఈ పని చేసేవాళ్ళు దెబ్బ తినేది ఎక్కువగా అక్కడే. అందుకని ఎల్‌రాయ్ పికప్ ముందు చక్రం పక్కన, కాళ్ళు బండి కిందికి చాపి పడుకునేవాడు. వెర్నా స్టీరింగ్ ముందు కూర్చుని, చెయ్యి కిటికీ బయటికి వేలాడేసి, మామూలు కళ్ళతో పశువు తోకని చూసేది. తోక కాస్త ఎత్తితే తలుపు మీద ఒకసారి తట్టేది, అంటే కదలకు అని. నిటారుగా లేస్తే రెండుసార్లు, అంటే బండి కిందికి దూరిపో అని. తొందరపడి తట్టి ఎన్ని బొమ్మలు పాడు చేశావో అని అతను తిట్టేవాడు. చచ్చి సాధిస్తానంటావా అని ఆమె తిట్టేది.

మధ్యాహ్నం భోంచేసి, పొద్దు వాలుతుండగా బయలుదేరారు. వెర్నా నడిపింది. మెర్ల్ ట్వెట్ పచ్చిక బయలు గేటు తీసి, మళ్ళీ వేసి, గుట్ట దిగి మంద కనిపించేదాకా పోనిచ్చింది. మెర్ల్ వాళ్ళిద్దరికీ చిన్నప్పటి నుంచి తెలిసినవాడు. బైసన్ మందని పెంచుతాడు. ఫోటోలు తీసుకోనిస్తాడు గానీ, కుమ్మితే నా పూచీ లేదని ఏటా ఒకసారి గుర్తుచేస్తాడు.

ఇది పోతులు ఆడవాటి వెంటపడే కాలం. గొంతులోంచి వచ్చే గరగర శబ్దం గుట్ట అవతలికి కూడా వినిపిస్తోంది. పడమట మబ్బు బండలా లేచి, పైన చదునుగా పరుచుకుంది. దాని అడుగు ముదురు నీలంగా ఉంది. అడుగుకీ నేలకీ మధ్య సన్నటి సందు మిగిలింది, సాయంత్రం సూర్యుడు అందులోకి దిగితే చాలు. ఇలాంటి ఆకాశం వేసవిలో రెండు మూడుసార్లకి మించి దొరకదు.

“ఈ దున్నపోతులకేం తెలుస్తుంది, వెనకాల ఏం ఉందో,” అన్నాడు ఎల్‌రాయ్ ముచ్చటగా.

వెర్నా బండి దిగింది. అతను సీటు మీద మూలుగుతూ, ఒక చేత్తో తుంటి పట్టుకుని, స్టీరింగ్ వైపుకి జరిగాడు. ముఖం పాలిపోయి ఉంది. చెమట కూడా పట్టింది.

“ఒంట్లో బాగానే ఉందా?”

“ఉక్క. నన్ను చూడకు, వెలుగు చూడు. విను. నాలుగు మూలలూ చూసుకో, ఆ లెన్సు నీ చెప్పులతో సహా మింగేస్తుంది. ముప్పాతిక వంతు ఆకాశం ఇవ్వు. మూపురం మబ్బుని పొడవాలి, దాని కింద ఉండిపోకూడదు.”

“ఇంకేమైనా ఉందా, గురువుగారూ?”

“ఉంది. బతికిరా.”

వెర్నా చక్రం పక్కన పడుకుంది. గడ్డి మోచేతులకి గుచ్చుకుంది. మట్టి వెచ్చగా ఉంది. గడ్డం ఆనించి కెమెరాలో కన్ను పెట్టగానే లోకం ఒక్కసారిగా పెద్దదయిపోయింది. ఇంత ఆకాశం అతను ఒక్కడే దాచుకుని చూశాడా ఇన్నేళ్ళూ అని ఆమెకి కోపం వచ్చింది. పోతు ఎదురుగా, బొటనవేలంత ఉంది, దుమ్ములో దొర్లి లేస్తోంది. ఎడమ మూలలో మెర్ల్ గాలిమర రెక్క పొడుచుకొస్తే, పొట్ట మీద కాస్త పక్కకి జరిగి దాన్ని బయటికి నెట్టింది.

ఉరిమింది. పోతు తలెత్తి ఇటు నడవడం మొదలెట్టింది. వెర్నా ఊపిరి బిగబట్టి ఒకటి తీసింది. మళ్ళీ తీసింది. లెన్సులో పోతు ఇప్పుడు అరచేయంత అయింది. లెన్సులో అరచేయంత ఉందంటే బయట ఎంత దగ్గరగా ఉందో తెలియని మనిషి కాదు. తను గనక బండిలో ఉంటే ఈపాటికి తట్టేసేది, రెండుసార్లూ తట్టేసేది. చెవులు రిక్కించింది. తట్టిన చప్పుడు రాలేదు.

తట్టడం లేదంటే తోక దిగే ఉంది. ఇన్నేళ్ళు మట్టిలో పడుకున్నవాడికి తనకంటే బాగా తెలుస్తుంది. అంతేకాదు, ఇది తన బొమ్మ అని వదిలేస్తున్నాడు. పాడు చెయ్యకూడదని ఓపిక పడుతున్నాడు, ఎల్‌రాయ్ అంతటివాడు! వెర్నాకి ఒళ్ళు తేలికైపోయింది. సూర్యుడు సందులోకి దిగాడు. పోతు మూపురం మీది బొచ్చు ఎర్రగా వెలిగింది, వెనక మబ్బు నల్లబడింది. మూపురం మబ్బుని పొడిచింది. ఆమె మీట నొక్కింది. ఆ ఏడాది క్యాలెండరు అట్ట మీద అచ్చయింది ఆ ఫోటోయే. కింద వేసింది వెర్నా పేరే.

పోతు ముక్కులోంచి గాలి వదిలితే గడ్డి కదిలింది. మట్టి, మూత్రం కలిసిన వాసన తగిలింది. వెర్నా కన్ను తియ్యలేదు, కదలలేదు. పోతు అలా నిలబడి, విసుగు పుట్టినట్టు తల తిప్పుకుని, మంద వైపు వెళ్ళిపోయింది.

“చూశావా!” అంది, పడుకునే. “ఎల్‌రాయ్, చూశావా దాన్ని?”

మోకాళ్ళ మీద లేచి, గడ్డి దులుపుకుంటూ, నవ్వు ఆపుకోలేక తిట్టడం మొదలుపెట్టింది. “ఏం మనిషివయ్యా, అది వచ్చి నా నెత్తిన కూర్చునేదాకా తట్టవా? నేను తడితే తొందరన్నావ్, ఇదా నీ నింపాది?”

అతని చెయ్యి కిటికీ బయటే ఉంది, అరచెయ్యి తలుపు రేకుకి ఆని ఉంది. టోపీ కళ్ళ మీదికి జారింది. తల పక్కకి వాలింది. వెర్నా టోపీ ఎత్తి చూసింది. చెంప తాకింది. మెడ దగ్గర వేళ్ళు పెట్టి ఆగింది. కిందటేడు తన తల్లి పోయినప్పుడూ అలాగే పెట్టి చూసింది. మళ్ళీ చూడక్కర్లేకపోయింది.

హారన్ నొక్కి పట్టుకుంది. మంద చెదిరి పరుగెత్తింది. మెర్ల్ కొట్టంలోంచి విని, గుట్ట మీంచి జీపులో వచ్చాడు. దిగీ దిగకముందే అతనికి అర్థమయింది.

“ఎప్పుడు జరిగింది, వెర్నా?”

“తెలీదు.”

“ఇబ్బంది పడ్డాడా?”

“తెలీదంటున్నా కదా మెర్ల్. నేను అటు చూళ్ళేదు. తట్టకపోతే, నా మీద నమ్మకమనుకున్నా. ఎంత సంతోషపడ్డానో తెలుసా? వీడు చచ్చిపోతుంటే నేను అక్కడ పడుకుని సంతోషపడుతున్నా.”

అప్పుడు ఏడ్చింది, గొంతెత్తి. మెర్ల్ టోపీ తీసి చేతుల్లో పట్టుకుని, ఆమెకీ మందకీ మధ్య నిలబడ్డాడు.

అంబులెన్సు వచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. ఎల్‌రాయ్‌ని స్ట్రెచర్ మీదికి మార్చేటప్పుడు, తుంటి జాగ్రత్త అంది వెర్నా. వాళ్ళు జాగ్రత్తగానే మార్చారు. కెమెరాని మెర్ల్ తన చొక్కాలో చుట్టి ఆమె చేతికిచ్చాడు. బండి తర్వాత తెస్తానన్నాడు.

అతని కోటు తీసుకుందామని వెర్నా పికప్ రెండో తలుపు తెరిచింది. సీటు మీద ఫ్లాస్కు, చింపిన పాలపొడి పొట్లం ఉన్నాయి. ఎల్‌రాయ్ కాఫీలో పాలు వేసుకోడు, వేసుకునేది వెర్నాయే. మట్టిలోంచి లేచి వచ్చినప్పుడల్లా అతనికి కాఫీ పోసిచ్చేది ఆమె. అతను ఎవరికీ పోసివ్వడం ఆమె ఎప్పుడూ చూడలేదు. కోటు తీసుకుని, తలుపు చప్పుడు కాకుండా వేసింది. లోపల, వాన పడుతున్న అద్దం దగ్గర, పాలు కలిపిన కాఫీ కప్పు నిండుగా ఉంది, పిడి ఆమె ఎక్కబోయే ఈ తలుపు వైపుకి తిప్పి.