వెనక ఏమీ లేని మొదలు

ధర్మవరంలో నిలువు పోగుల పడుగు అయిపోయిందని మగ్గాన్ని ఎవరూ ఖాళీ చెయ్యరు. దువ్వెనలాంటి అచ్చులో జానెడు పాత పోగులు వదిలి, కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే వాటికి మెలిపెట్టి అతుకుతారు. తాతల నాటి నుంచి నాగేశ్వర ఇంట్లో మగ్గం అలాగే నడిచింది. అతను చివరి చీర కోసి వదిలిపోయిన ఆ పోగుల్ని, కూతురు చంద్రిక కత్తెరతో కోసి, అచ్చులోంచి లాగిపారేసింది.

బిందె దించి లోపలికొచ్చిన సునంద మగ్గం దగ్గరికి పరుగెత్తింది. భర్త పోయి నెల. ఆయన చేతి పోగులు నేల మీద కుప్పగా పడి ఉన్నాయి. ఇక మగ్గం ఎక్కాలంటే ఖాళీ అచ్చులోకి వేల పోగులు మొదట్నుంచీ ఎక్కించుకోవాలి. చెయ్యి లేచింది కానీ, పిల్ల మెడ ఎముకలు చూసి ఆగిపోయింది. తండ్రి పోయినప్పటి నుంచి చంద్రిక ఒక్క కన్నీటి బొట్టు రాల్చలేదు, ముద్ద సరిగా మింగలేదు. సునంద కదిరి స్వామికి మొక్కింది, తాయెత్తు కట్టించింది, ఆసుపత్రికి తిప్పింది. ఈ పిల్ల కూడా తనకు దక్కదేమోనని రోజూ భయమే.

"ఎందుకు కోసినావే?"

"మొదలు చూద్దామని."

"ఏం మొదలు?"

"ముందర ఒక చుక్క ఉన్నింది, అది ఉబ్బి ఇంత లోకమైందని సారు చెప్పినాడు మా. దానికి ముందర ఏముండేదంటే ఎవురికీ తెలీదన్నాడు. ముందర అనేదే లేదేమో అన్నాడు." పిల్ల తల ఎత్తలేదు. "వెనక ఏమీ లేకుండా కూడా మొదలైతాదంట. అట్ల మొదలుపెడితే, నేను పటం అడిగింది కూడా వెనకాల ఉండదు కదా?"

సునందకు అప్పుడు అర్థమైంది. బడిలో పెట్టడానికి నక్షత్రాల పటం కావాలని మారాం చేసింది చంద్రికే. అది తేవడానికే నాగేశ్వర బండి మీద అనంతపురం బయల్దేరాడు. దారిలో లారీ గుద్దింది. ఈ పసిది ఇంత బరువు కడుపులో పెట్టుకుని కూర్చుంటే, తాను తాయెత్తులూ మాత్రలూ వెతుక్కుంటూ తిరిగింది. తన తెలివి తగలెయ్య!

"నువ్వు అడిగినందుకు కాదే. లారీవాడు నిద్రపోయినందుకు."

"ఎందుకు నిద్రపోయినాడు?"

"రాత్రంతా తోలినాడంట. వాళ్ల ఓనరు తోలమన్నాడంట."

"ఓనరు ఎందుకు తోలమన్నాడు?"

"ఇట్ల అడుగుతా పోతే ఆ చుక్క కాడికే పోతామే! ఆడ నువ్వు లేవు, నేను లేను, మీ నాయనా లేడు."

"మరి ఆ చుక్కను ఎవురు చేసినారు? దేవుడా?"

"నెలనాళ్ల నుంచి ఆయన్నే అడుగుతాండా తల్లీ. పలకలేదు."

చంద్రిక తల ఎత్తింది. "అయితే నేను ఎవురిని కొట్టాల మా?"

"నన్ను కొట్టు."

పిల్ల తల్లి గుండెల మీద కొట్టింది. ఒకటి, రెండు, ఆపైన రెండు చేతులతోనూ. సునంద కదల్లేదు. "నాయనా!" అని చంద్రిక ఇల్లు అదిరేలా ఏడ్చింది.

"చేతుల్లో బలమే లేదు కదే నీకు," అంది సునంద, తానూ ఏడుస్తూ. "ఇంత సంగటి తిని కొట్టు."

తల్లి తెచ్చి తినిపించిన ముద్దను చంద్రిక ఏడుస్తూనే మింగింది. మింగి, మళ్లీ కొట్టింది.